చిన్న గడ్డకు అవయవమంతా బలి కావలసిందేనా?

సంతానం కలగలేదని వైద్యుని ఆశ్రయించిన పురుషునికి అల్ట్రాసౌండ్ పరీక్ష జరిపినప్పుడు, ఒక్కొక్కసారి వృషణంలో కందిగింజంత గడ్డ బయటపడుతుంది. నొప్పి ఉండదు, చేతికి తగలదు. దశాబ్దాలపాటు దీనికి శస్త్రవైద్యులు చూపిన మార్గం ఒక్కటే: వృషణాన్ని పూర్తిగా తొలగించడం. అందుకు కారణం లేకపోలేదు. చేతికి తగిలే గట్టి గడ్డల్లో అధికభాగం కాన్సర్ గడ్డలే.

కాని అల్ట్రాసౌండ్ మాత్రమే పసిగట్టగల చిన్న గడ్డల సంగతి వేరు. 2 సెంటీమీటర్ల లోపు ఉండి, రక్తపరీక్షల్లో కాన్సర్ సూచనలు లేనప్పుడు, వాటిలో అనేకం ప్రాణహాని లేనివేనని తేలింది. అటువంటప్పుడు గడ్డను మాత్రమే తీసి వృషణాన్ని కాపాడే ప్రయత్నం చేయవచ్చు.

ఈ శస్త్రచికిత్సలో కోత పడేది వృషణాల సంచి మీద కాదు, గజ్జల్లో. సంచిని కోస్తే కాన్సర్ కణాలు కొత్త దారిన వ్యాపించే ప్రమాదముంది. వైద్యుడు వృషణాన్ని పైకి తెచ్చి, రక్తనాళాలను తాత్కాలికంగా బిగించి, అల్ట్రాసౌండ్ సాయంతో గడ్డను గుర్తించి, చుట్టూ కొంత ఆరోగ్యకరమైన కండతో సహా తీస్తాడు. రోగి బల్లమీద ఉండగానే పెథాలజిస్టు ఆ ముక్కను గడ్డకట్టించి, పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తాడు. హానిలేనిదైతే కుట్లు వేసి వృషణాన్ని యథాస్థానంలో ఉంచుతారు. కాన్సరైతే, రెండవ వృషణం ఆరోగ్యంగా ఉన్నవారికి, అదే కోతలోనుంచి దానిని తొలగిస్తారు. తుది నివేదిక కొన్ని రోజుల తరువాత వస్తుంది. అది తొలి తీర్పును మార్చితే మరొక శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఈ మాట రోగికి ముందుగానే చెప్పాలి.

ఒకే వృషణం మిగిలినవారికి ఈ పద్ధతి విలువ మరీ ఎక్కువ. అదీ పోతే సంతానయోగ్యత నశిస్తుంది; జీవితాంతం పురుష హార్మోను మందుగా తీసుకోవాలి. అందుచేత అటువంటివారిలో చిన్న కాన్సర్ గడ్డనైనా విడిగా తీసే ప్రయత్నం జరుగుతుంది. కాని మిగిలిన కండలో కాన్సర్‌కు పూర్వరూపమైన కణాలుంటే రేడియేషన్ ఇవ్వవలసి వస్తుంది. దానితో వీర్యోత్పత్తి ఆగినా, హార్మోను ఉత్పత్తి తరచుగా నిలుస్తుంది. కనుక ముందుగానే వీర్యాన్ని భద్రపరచుకోవడం వివేకం.

1974లో అమెరికా వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌తో కూడిన చికిత్స ప్రారంభించిన తరువాత, వ్యాపించిన వృషణ కాన్సర్ సైతం అధికశాతం నయమయ్యే వ్యాధి అయింది. ప్రాణం దక్కుతుందన్న ధైర్యం కలిగాకనే అవయవాన్ని దక్కించుకునే ఆలోచనకు తావు ఏర్పడింది.

అయితే ఆ అవకాశం గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే. వేడినీటి స్నానం తరువాత వృషణాలను వ్రేళ్ళతో తడిమి చూసుకోవడానికి నిమిషమైనా పట్టదు. తేడా కనిపిస్తే సిగ్గుపడక వైద్యునికి చూపించాలి. దాచిన గడ్డ దాగి ఉండదు, పెరుగుతుంది.