బంగారు పువ్వు కొట్టు

మంచం కింద చెక్కులు దొరికాయి. అన్నీ కూడితే 23,000 డాలర్ల పైచిలుకు. ఒక్కటి కూడా బ్యాంకు గడప తొక్కలేదు. రాసిచ్చినవాళ్లు అమెరికా పశువుల కాపర్లు, రైతులు. పుచ్చుకున్నవాడు ఒక చైనా వైద్యుడు. వాళ్లకు కటకటగా ఉందని తెలిసే ఆయన వాటిని మార్చుకోలేదని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఊరు ఆరెగన్ రాష్ట్రం తూర్పున ఉన్న జాన్ డే. ఆ మంచం ఉన్నది ‘కామ్ వా చుంగ్’ అనే పచారీ కొట్టులో. ‘వర్ధిల్లే బంగారు పువ్వు’ లాంటి అర్థం వచ్చే పేరది.

పేరులోని బంగారం ఆ కొండల్లోనూ ఉండేది. 1862లో పక్కనున్న క్యానియన్ సిటీ దగ్గర అది బయటపడింది. పైపైన దొరికింది తవ్వుకుని తెల్లవాళ్లు ముందుకు సాగిపోతే, వాళ్లు వదిలేసిన మట్టిని మళ్లీ కడిగి పొట్టపోసుకోవడానికి గ్వాంగ్‌డాంగ్ నుంచి చైనా కూలీలు వచ్చారు. 1885లో క్యానియన్ సిటీలోని చైనా పేట కాలిపోయింది. చాలామంది మూటాముల్లె సర్దుకుని జాన్ డే చేరారు. 1887 ప్రాంతంలో ఇద్దరు యువకులు, ఇంగ్ హే, లంగ్ ఆన్, కలిసి ఈ కొట్టు తీసుకున్నారు. ఆ ఏడే అదే రాష్ట్రంలో స్నేక్ నది ఒడ్డున 30 మందికి పైగా చైనా గని కూలీలను చంపేశారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. ఇది గుర్తుంచుకుని చూస్తే ఆ కొట్టు దళసరి రాతిగోడలు, చిన్న కిటికీలు, రేకు తొడిగిన తలుపు అర్థమవుతాయి. తలుపు మీద తూటాల గుర్తులు ఇంకా ఉన్నాయి.

లోపల బియ్యం, టీ, పొగాకు, డబ్బా సరుకులు, పనిముట్లు. వంటగది, పూజకు ఒక మూల, దారినపోయే కూలీలు నడుం వాల్చడానికి బల్లలు. ఊదుబత్తుల పొగకు, పొయ్యి పొగకు గోడలు నల్లబడ్డాయి. లంగ్ ఆన్‌కు ఇంగ్లీషు బాగా వచ్చు. కూలీలకు పని కుదిర్చే మేస్త్రీ ఆయనే, దుబాసీ ఆయనే, ఉత్తరాలు రాసిపెట్టేదీ ఆయనే. జూదమన్నా, గుర్రాలన్నా ప్రాణం. తర్వాతి రోజుల్లో కార్ల వ్యాపారంలోకీ దిగాడు.

ఆ చెక్కుల వైద్యుడు ఇంగ్ హే. ‘డాక్’ హే అని పిలిచేవాళ్లు. ఆయన మనిషి వేరు. మణికట్టు మీద వేళ్లుంచి నాడి చూసి మందిచ్చేవాడు. వెనక అరల్లో 500 రకాలకు పైగా దినుసులు. వేర్లు, బెరళ్లు, ఎలుగుబంటి పాదం కూడా. ముళ్లకంచె గీరుకుని రక్తం విషమెక్కినవాళ్లను బతికించాడని పేరు. మన పల్లెల్లో హస్తవాసి అంటామే, ఆయనకు అది ఉందని తెల్లవాళ్లూ నమ్మారు. లైసెన్సు లేదని కేసు పెడితే, ఆయన్ని దోషి అనడానికి ఆ ఊరి జ్యూరీకి మనసొప్పలేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ ఊరి మీద గౌరవం పెరుగుతుంది. చట్టం ఎటు ఉందో తెలిసీ మనిషి పక్కన నిలబడ్డారు.

చట్టం మాత్రం కరుణించలేదు. 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టం కొత్త కూలీలను రానివ్వలేదు, ఉన్నవాళ్లకు పౌరసత్వమివ్వలేదు. 1943 దాకా అదే వరస. భార్యాబిడ్డలను తెచ్చుకునే దారి కూలీలకు మూసుకుపోయింది. ఊళ్లో చైనావాళ్లు తరిగిపోతూ వచ్చారు. లంగ్ ఆన్ కూడా చైనాలో భార్యను, కూతురిని వదిలి వచ్చినవాడే. మళ్లీ వెళ్లలేదు. 1940లో పోయాడు. చూపు మందగించిన హే 1948లో తుంటి ఎముక విరిగి కొట్టుకు తాళం వేసి పోర్ట్‌లాండ్ వెళ్లాడు. 1952లో కన్నుమూశాడు. జాన్ డేలోనే, స్నేహితుడి దగ్గరే సమాధి చేశారు.

మ్యూజియం చేయాలన్న షరతుతో హే వారసుడు 1955లో కొట్టును ఊరికి రాసిచ్చాడు. ఊరు ఆ మాటే మరిచిపోయింది. ఏళ్ల తర్వాత తాళం తీస్తే సరుకులు అరల్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. తర్వాత బాగుచేసిన ఆ కొట్టును 2005లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు.

చెక్కులతో పాటు ఉత్తరాలూ దొరికాయి. ఎప్పుడొస్తావని ఇంటినుంచి అడిగినవి కొన్ని. ఇక్కడ కూర్చుని రాసి, పోస్టు చేయకుండా ఉంచేసినవి కొన్ని.