లాస్ ఏంజెలిస్‌లో నాటు దరువు

పిల్లలూ! ఏలూరులో రాజమండ్రి వైపు రైలెక్కితే తాడేపల్లిగూడెం, నిడదవోలు దాటాక, గోదావరి వంతెనకు ముందు కొవ్వూరు వస్తుంది. సంగీత దర్శకుడు కీరవాణి 1961లో పుట్టింది అక్కడే.

2023 మార్చి 13 ఉదయం మీరు టీవీ చూశారా? మనకు తెల్లవారింది గాని, అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో అప్పటికింకా 12వ తేదీ సాయంత్రమే. అక్కడ ఆస్కార్ బహుమతికి 5 పాటలు పోటీపడ్డాయి. రిహానా, లేడీ గాగా వంటి జగమెరిగిన గాయనుల పాటలూ వాటిలో ఉన్నాయి. మనదేమో చంద్రబోస్ వ్రాసిన "నాటు నాటు"! రాహుల్ సిప్లిగంజ్, కీరవాణి కుమారుడు కాలభైరవ దాన్ని ఆ వేదిక మీద తెలుగులోనే పాడారు.

చిక్కల్లా ఇక్కడే. ఓటు వేసేవారు వేలమంది సినిమావాళ్ళు. తెలుగు వచ్చినవారు బహు కొద్దిమంది. నాటుకోడి అంటే కొల్లేటి గట్టున పసివాడికైనా తెలుసు, వారికెలా తెలుస్తుంది? నన్నడిగితే, వారిని పట్టుకున్నది మాట కాదు, దరువు. బల్లమీద "తకిట తకిట" అని వాయించి చూడండి, మీ కాళ్ళు ఊరుకుంటాయేమో!

బహుమతి మన పాటకే వచ్చింది. 2009లో "జయ్ హో"కు వచ్చింది కదా అంటారేమో. ఆ చిత్రం బ్రిటిషువారు తీసినది. భారతీయ చిత్రంలోని పాటకు రావడం ఇదే మొదలు.

కీరవాణి పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కార్పెంటర్స్ అనే అమెరికా అన్నాచెల్లెళ్ళ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వారి వరుసలోనే తన మాటలు కట్టి పాడేశారు!