సోమవారం సగం, గురువారం సగం

పిట్యూటరీలో గడ్డ ఉందంటే మాత్రలా, ఆపరేషనా? కువైట్‌లోని అబ్బాసియా తెలుగువారి కోసం ముఖచిత్ర కథనం

ఎడిటర్ అడిగింది ఒక్క మాటే: "పిట్యూటరీ గడ్డకు మందులు మేలా, ఆపరేషన్ మేలా? గురువారానికల్లా తేల్చి రాయండి." అబ్బాసియాలో ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. "తలలో గడ్డంటే ఊరెళ్లి కోయించుకోవడమే" అంటారు కొందరు. "మాత్రలుండగా కత్తెందుకు" అంటారు ఇంకొందరు. రెండూ తొందరపడి అనే మాటలే. ముందు తేలాల్సింది ఆ గడ్డ ఏ హార్మోన్‌ను అతిగా తయారు చేస్తోందన్నది.

ముక్కు వెనకాల, మెదడు అడుగున, శనగగింజంత ఉంటుంది పిట్యూటరీ గ్రంథి. బరువు సుమారు అర గ్రాము. హార్మోన్లను అతిగా తయారుచేసే పిట్యూటరీ గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టినోమా. ప్రొలాక్టిన్ అంటే పాలు పడేలా చేసే హార్మోన్. అది పెరిగితే ఆడవాళ్లకు నెలసరి తప్పుతుంది, బిడ్డ లేకుండానే పాలు వస్తాయి, గర్భం నిలవదు. మగవాళ్లకు కోరిక తగ్గుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక వాళ్లు ఆలస్యంగా వస్తారు. అప్పటికి గడ్డ పెరిగి కంటినరాలను నొక్కుతుంటుంది, పక్క చూపు తగ్గిపోయి ఉంటుంది.

ఈ కథనం కోసం చదివిన కాగితాలన్నింటిలో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఒక మందు సీసాలోని కరపత్రం. కడప జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇంటిపని చేసుకునే ఒకావిడ దాన్ని నా చేతిలో పెట్టింది. ఒకవైపు అరబిక్, ఇంకోవైపు ఇంగ్లిష్. ఆమెకు రెండూ రావు.

"వారానికి ఒక్క మాత్రేనంట. ఇంత చిన్నదానికి గడ్డ కరుగుతాదా అన్నా?"

"చాలామందికి కరుగుతుందక్కా. కానీ మధ్యలో మానకూడదు."

మందు పేరు కాబర్గోలిన్, ఆమె సీసా మీద ఉన్న బ్రాండు డోస్టినెక్స్. ముదురు రంగు గాజు సీసాలో ఎనిమిది తెల్లటి మాత్రలు. మాత్ర మీద ఒకవైపు పి, యు అక్షరాలు, వాటి మధ్య విరవడానికి గీత, రెండోవైపు 700 అనే అంకె. మూతలో తేమను పీల్చే పదార్థం ఉంటుంది, దాన్ని తీసి పారేయకూడదు. ఒక్కో మాత్ర 0.5 మిల్లీగ్రాములు. మొదట్లో వారానికి ఒకటి చాలు. కావాలంటే సగం సోమవారం, సగం గురువారం వేసుకోవచ్చని తయారీదారు సూచన. మందు ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టే వారానికి ఒకటి రెండుసార్లతో సరిపోతుంది. భోజనంతో పాటు వేసుకుంటే వికారం తక్కువ. మొదటి మాత్రల తర్వాత గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు. నిచ్చెనెక్కి అద్దాలు తుడిచేవాళ్లకూ, తెల్లారకముందే బండి తీసే డ్రైవర్లకూ ఇది చిన్న విషయం కాదు. రాత్రి భోజనం తర్వాత వేసుకుని పడుకోవడం మంచిది.

కిందికి వెళ్లేకొద్దీ కరపత్రం ఇంకా గట్టి మాటలు చెబుతుంది. జూదం మీదికి మనసు పోవడం, అవసరం లేకున్నా కొనడం, కామవాంఛ హద్దు దాటడం కొందరిలో కనిపిస్తాయి. మానేస్తే లేదా మోతాదు తగ్గిస్తే సాధారణంగా అవి పోతాయి. కానీ అది మందు చేసే పని అని తెలియకపోతే మనిషి తనను తానే తిట్టుకుంటాడు, ఇంట్లోవాళ్లు గుణం చెడిందనుకుంటారు. రుణం చేసి గల్ఫ్‌కు వచ్చినవాడికి జూదం పిచ్చి పడితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికి డబ్బు పంపే మనిషి లెక్కలు తేడా వస్తున్నాయా అని ఇంటివాళ్లు ఓ కన్నేసి ఉంచాలి. గుండె కవాటాల గురించి కూడా హెచ్చరిక ఉంది. పార్కిన్సన్స్ జబ్బుకు రోజుకు మూడు మిల్లీగ్రాములు దాటి వాడినవాళ్లలో కవాటాలు దెబ్బతిన్నాయని 2007లో తేలింది. మన రోగులు వారం మొత్తం మీద వాడేది సాధారణంగా అంతకంటే తక్కువ. అయినా మొదలుపెట్టే ముందు ఎకో తీయించుకోవాలని కరపత్రం అంటుంది. ఇంకో మాట పెళ్లయినవాళ్ల కోసం: నెలసరి తిరిగి రాకముందే గర్భం నిలవొచ్చు. బిడ్డ కావాలనుకున్నా, వద్దనుకున్నా ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఇన్ని హెచ్చరికలు చదివాక కూడా నా మొగ్గు మాత్ర వైపే. 1994లో 459 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో కాబర్గోలిన్‌తో 83 శాతం మందికి ప్రొలాక్టిన్ మామూలు స్థాయికి వచ్చింది. పాత మందు బ్రోమోక్రిప్టిన్‌తో 59 శాతానికే. పడక మానేసినవాళ్లు కొత్త మందుతో 3 శాతం, పాతదానితో 12 శాతం. పెద్ద గడ్డలు సైతం కుంచించుకుపోయి చూపు తిరిగి వస్తున్నప్పుడు మత్తిచ్చి ఆపరేషన్ చేయాలని తొందరపడటం నాకు నచ్చదు.

అయితే మాత్రకున్న లోటు మొదటి నెలలో కాదు, మూడో ఏట బయటపడుతుంది. కనీసం రెండేళ్లు వాడి, ప్రొలాక్టిన్ మామూలుగా ఉండి, గడ్డ కుంచించుకుపోతే ఆపి చూడొచ్చు. ఆపినవాళ్లలో ఎందరికి తిరగబెడుతుంది? 2003లో ఇటలీ వైద్యులు బాగా ఎంచి ఆపినవాళ్లలో చిన్న గడ్డలకు 31 శాతం, పెద్దవాటికి 36 శాతం అని చూపారు. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణ మాత్రం, ఆపాక మామూలుగా నిలిచింది 21 శాతమేనంది. అంటే చాలామందికి ఇది ఏళ్ల తరబడి సాగే మందు.

ఆపరేషన్ అనగానే పుర్రె తెరుస్తారని మనవాళ్ల భయం. పిట్యూటరీకి దాదాపు ఎప్పుడూ ముక్కు దారిలోనే, ఎండోస్కోప్‌తో వెళతారు. గుండు అక్కర్లేదు, బయటికి కుట్లు కనిపించవు. పది మిల్లీమీటర్ల లోపు గడ్డ అయి, చెయ్యి తిరిగిన సర్జన్ దొరికితే పదిమందిలో ఏడెనిమిది మందికి ప్రొలాక్టిన్ మామూలవుతుంది. పక్కనున్న రక్తనాళాల్లోకి పాకిన పెద్ద గడ్డలకు ఆ ఆశ బాగా తగ్గిపోతుంది. మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారడం, మూత్రం విపరీతంగా పోవడం, మిగతా హార్మోన్లు తగ్గడం దీనికున్న ముప్పులు. ఇంతకాలం మందు పడనివాళ్లకే ఆపరేషన్ అనేవారు. 2023లో అంతర్జాతీయ పిట్యూటరీ సొసైటీ నిపుణులు మాట మార్చారు: చిన్న గడ్డలకూ, హద్దు దాటని పెద్ద గడ్డలకూ మాత్రతో పాటు ఆపరేషన్ గురించి కూడా మొదటి రోజే రోగితో చర్చించాలన్నారు.

ఈ మార్పు ఎవరికన్నా ముందు మనవాళ్లకు అవసరం. ఏళ్ల తరబడి మందంటే ఏళ్ల తరబడి రక్తపరీక్ష, ఎం.ఆర్.ఐ., డాక్టర్ చీటీ. ఇరవై నంబర్ వీసా మీద ఇంట్లో పనిచేసే మనిషికి ఆసుపత్రికి వెళ్లాలంటే చాలాసార్లు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) అనుమతి కావాలి. 2022 డిసెంబరులో కువైట్ ప్రభుత్వ ఆసుపత్రుల స్పెషలిస్టు క్లినిక్‌లలో విదేశీయుల మందులకు 10 దీనార్ల రుసుము పెట్టారు. అకామా (నివాస అనుమతి) పోతే వైద్యమే చిక్కుల్లో పడుతుంది. నేను మాత్రనే మెచ్చుతాను, కానీ దాన్ని ఆపకుండా వాడే వీలుంటేనే అది మంచి వైద్యం. వీలు లేని యువతికి చిన్న గడ్డ ఉంటే, సెలవులో ఊరెళ్లి మంచి చేతుల్లో ఆపరేషన్ చేయించుకోవడం తెలివైన నిర్ణయమే. ఆ మాట ఆమెకు డాక్టరే, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

చరిత్ర క్లుప్తంగా: 1907లో ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ ముక్కు దారిలో పిట్యూటరీ గడ్డను తొలగించారు. 1960లలో మాంట్రియల్‌లో జూల్ హార్డీ మైక్రోస్కోపుతో ఆ పద్ధతికి పదును పెట్టారు. ప్రొలాక్టిన్ మనుషుల్లో విడి హార్మోన్ అని 1970 ప్రాంతంలో రూఢి అయింది. ఆ దశకంలోనే బ్రోమోక్రిప్టిన్, 1990లలో కాబర్గోలిన్ వాడుకలోకి వచ్చాయి.

గడ్డ లేకుండానే ప్రొలాక్టిన్ పెరిగితే

వాంతులకు, గ్యాస్‌కు వాడే డాంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. కొన్ని గ్యాస్ మాత్రల్లో పాంటోప్రజోల్‌తో పాటు డాంపెరిడోన్ కలిసే ఉంటుంది. మానసిక వైద్యానికి వాడే రిస్పెరిడోన్ కూడా పెంచుతుంది. దాన్ని సొంతంగా మానకూడదు. థైరాయిడ్ తగ్గినా, గర్భం ఉన్నా పెరుగుతుంది. స్కానింగ్‌కు ముందే ఇవి చూసుకోవాలి.

అంకెలు చూసి మోసపోవద్దు

ఒక ల్యాబ్‌లో 2000, ఇంకో ల్యాబ్‌లో 95 వస్తే జబ్బు తగ్గిందనుకోకండి. యూనిట్లు వేరు కావొచ్చు. మిల్లీలీటరుకు ఒక నానోగ్రామ్ అంటే లీటరుకు దాదాపు 21 మిల్లీ యూనిట్లు. ఆ లెక్కన రెండు రిపోర్టులూ ఒకటే.

కత్తే ముందుండే జబ్బులు

ఉంగరం బిగుసుకుపోతూ, చెప్పుల సైజు పెరుగుతుంటే గ్రోత్ హార్మోన్ ఎక్కువై వచ్చే అక్రోమెగలీ కావొచ్చు. ముఖం గుండ్రమై, పొట్ట మీద ముదురు ఎర్రటి చారలు వస్తే కుషింగ్స్ జబ్బు కావొచ్చు. ఈ రెండింటికీ సాధారణంగా మొదటి వైద్యం ఆపరేషనే. అక్రోమెగలీకి నెలనెలా ఇచ్చే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ చాలావరకు ఆ తర్వాతి మాట.

ఎక్కడ, ఏమడగాలి

కువైట్‌లో నాడీ శస్త్రచికిత్సలకు సబా వైద్య ప్రాంతంలోని ఇబ్న్ సినా ఆసుపత్రి ఉంది. ఊరివైపు తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ. ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను ముందే అడగండి. సర్జన్‌ను అడగాల్సింది: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, నా సైజు గడ్డకు ఎంతమందికి నయమైంది? హఠాత్తుగా భరించలేని తలనొప్పి, చూపు మసక, వాంతులు వచ్చినా, ముక్కులోంచి నీళ్లలా కారినా శుక్రవారం సెలవు దాకా ఆగొద్దు; వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.