జలపాతానికి వెళుతున్నారా?

వానలు పడగానే జఫర్‌గఢ్ వైపు నుంచి కుటుంబాలు సద్దిమూటలతో గూడూరు మండలంలోని భీముని పాదానికో, వాజేడు దగ్గరి బొగతకో పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొస్తుంటాయి. తప్పక వెళ్లండి. కాని ఒక్క సంగతి తెలుసుకుని వెళ్లండి.

ఎవరైనా మునిగితే ఈత రానివారు దూకకూడదు. తాడో, చీరో విసరాలి. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం మనవాళ్ల అలవాటు. అది ప్రమాదం. వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. విలువైన సమయమూ వృథా. ఊపిరి లేకపోతే మెదడు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతింటుంది.

వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలోకి 5 సార్లు ఊదండి. అయినా చలనం లేకుంటే రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, 2 సార్లు ఊదుతూ ఆపకుండా కొనసాగించండి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. తేరుకున్నా సరే, ఆస్పత్రిలో చూపించండి; కొన్ని గంటల తరువాత కూడా ఆయాసం రావచ్చు.