కుమాసి హస్తకళలు

కుమాసి పశ్చిమ ఆఫ్రికాలోని ఘానా దేశంలో అశాంతి ప్రాంతానికి ముఖ్యపట్టణం. ఇక్కడి సంప్రదాయ హస్తకళలకు నగర పరిసర గ్రామాలు నిలయాలు. ఒక్కొక్క గ్రామం ఒక్కొక్క కళకు ప్రసిద్ధి.

* బోన్‌విరే: కెంటే నేత. సన్నని పట్టీలుగా నేసి, పక్కపక్కన చేర్చి కుట్టి వస్త్రంగా రూపొందిస్తారు.
* న్‌టోన్సో: అడింక్రా అద్దకం. బుర్రకాయ పెంకుపై చెక్కిన అచ్చులను చెట్టు బెరడు నుండి తీసిన నల్లని రంగులో ముంచి వస్త్రంపై అద్దుతారు.
* అహ్వియా: కొయ్య చెక్కడం. అశాంతి పీటలు పేరెన్నికగన్నవి.
* పాంక్రోనో: స్త్రీలు సారె లేకుండా చేతితో చేసే కుండలు.

కెంటే నేతను యునెస్కో 2024లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయినప్పటికీ, యంత్రాలపై ముద్రించిన చవక నకళ్ళ వలన నేతగాళ్ళ జీవనోపాధి దెబ్బతింటున్నది. చేనేత కెంటేలో పట్టీలను కలిపిన కుట్లు కనిపిస్తాయి. ముద్రించిన గుడ్డలో పట్టీల బొమ్మ మాత్రమే ఉంటుంది.