ఇటలీ వారి కజ్జికాయ... రవియోలె!

కజ్జికాయలు వత్తడం అలవాటున్న చేతికి రవియోలె ఏమంత కొత్తగా అనిపించదు. మైదా బిళ్ళ మధ్యలో తీపి పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, అంచులు నొక్కడమే కదా! ఇటలీలోని బొలోన్యా నగరంలోనూ, దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇవి తరతరాలుగా చేసుకుంటున్న బిస్కెట్లు. మనం కొబ్బరి, బెల్లం పెడితే వారు జామ్ పెడతారు. మనం నూనెలో వేయిస్తే వారు ఓవెన్లో కాలుస్తారు. పేరు చూసి రవియోలీ అనుకునేరు. అది మాంసమో, ఛీజో కూరి ఉడకబెట్టే పాస్తా. ఇది శుద్ధ తీపి వంటకం.

బొలోన్యాలో వీటికి ఒక రోజుంది. మార్చి 19, సెయింట్ జోసెఫ్ పండుగ. ఆయన ఏసుక్రీస్తును పెంచిన తండ్రి కాబట్టి ఇటలీలో తండ్రుల దినోత్సవం కూడా ఆ రోజే. 1977 దాకా దేశమంతా సెలవు ఉండేది. తర్వాత సెలవు తీసేశారు గానీ రవియోలె చేయడం మాత్రం ఎవరూ మానలేదు. అదే రోజున నేపుల్స్ వైపు వాళ్ళు జెప్పోలె అనే తీపి చేస్తారు. మనలో సంక్రాంతికి ఒక్కో జిల్లాలో ఒక్కో పిండివంట ముందు నిలబడదూ? అలాగన్నమాట.

లోపల పెట్టే జామ్ సంగతి చెప్పుకోవాలి. బొలోన్యా వారు వాడేది క్విన్స్ అనే పండు, ప్లమ్, నారింజ కలిపి నల్లబడేదాకా ఉడికించిన గట్టి జామ్. క్విన్స్ చూడటానికి యాపిల్‌కి, బేరిపండుకి మధ్యస్థంగా ఉంటుంది. పచ్చిది కొరికితే వగరు, రాయిలా గట్టి. ఉడికితే మాత్రం దానంతట అదే గడ్డ కడుతుంది, కారణం అందులో దండిగా ఉన్న పెక్టిన్. ఆకురాలు కాలంలో వండి సీసాల్లో దాచినది మార్చిలో బిస్కెట్లలోకి వస్తుంది. మనకి క్విన్స్ దొరకదు కానీ జామపండు ఉందిగా! పెక్టిన్‌లో అదేం తీసిపోదు. బజారు మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ అయితే కాస్త పల్చన. బాణలిలో వేసి, ప్లేటులో చుక్క పెడితే జారకుండా నిలిచేదాకా దగ్గరికి రానివ్వాలి. పల్చటి జామ్ ఓవెన్ వేడికి పొంగి, అంచులు విప్పుకుని బయటికి వచ్చేస్తుంది. అదంతా పళ్ళేనికి అంటుకుని మాడుతుంది.

ఇక అసలు కిటుకంతా పైపిండిలో ఉంది. దీన్ని ఇటలీలో పాస్తా ఫ్రోల్లా అంటారు. ఫ్రోల్లా అంటే గుల్లగా, నోట్లో ఇట్టే విరిగేది అని. పూరీకో, చపాతీకో పిండిని ఎంత మర్దిస్తే అంత మంచిదని కదా మనకి నేర్పారు. ఇక్కడ సరిగ్గా దానికి విరుద్ధం. మైదాలో నీరు కలిసి, చేయి పడేకొద్దీ సాగే గుణం వస్తుంది. ముందుగా చల్లటి వెన్న పిండి రేణువుల చుట్టూ పట్టేస్తే ఆ నీరు వాటికి చేరదు, సాగుడు పుట్టదు. అందుకే బిస్కెట్ గుల్ల విచ్చుతుంది. వెన్న కరిగిందా, పిండి జిడ్డోడుతుంది, కాలాక గట్టిపడుతుంది. వెన్న 32 డిగ్రీల దాటాక కరగడం మొదలు. మన ఎండాకాలం వంటింట్లో ఆ వేడి పొద్దున్నే ఉంటుంది! కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టడం ఉత్తమం. ఇటలీ ఇల్లాళ్ళు పాలరాతి బల్ల మీద పిండి కలుపుతారు. మన గ్రానైటు గట్టు దానికేమీ తక్కువ కాదు.

ఈ సూక్ష్మం ఇటలీలో ఇంటింటికీ చేర్చిన పుస్తకం ఒకటుంది. ఫ్లోరెన్సులో పట్టు వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకున్న పెల్లెగ్రినో ఆర్తూసి అనే బ్రహ్మచారి 1891లో, తన 71వ ఏట, 475 వంటలతో దాన్ని అచ్చు వేయించాడు. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోతే సొంత డబ్బు పెట్టుకున్నాడు. అంకితం ఇచ్చింది తన రెండు పిల్లులకి! తర్వాత దేశం నలుమూలల నుంచి ఇల్లాళ్ళు ఉత్తరాల్లో తమ వంటలు రాసి పంపుతుంటే, ముద్రణ ముద్రణకీ పుస్తకం పెరిగి 790 వంటలైంది. పాస్తా ఫ్రోల్లాకి ఆయన మూడు కొలతలు ఇచ్చాడు. పంచదార మెత్తగా పొడి చేసుకోమనీ, పిండిని వీలైనంత తక్కువ తాకమనీ చెప్పాడు.

చెప్పింది ఆయనే. మరి చేసి చూసింది? ఆయన వంటింట్లో ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గర నిలబడింది మరియెత్తా సబాతీని అనే టస్కనీ స్త్రీ, ఫ్రాంచెస్కో రుఫీలి అనే వంటవాడు. పుస్తకం అట్ట మీద వీరి పేర్లు లేవు. అయితే ఆర్తూసి ఆ బాకీ ఎగ్గొట్టలేదనే అనాలి. ఒక తీపి రొట్టెకి మరియెత్తా పేరే పెట్టాడు. 1911లో కన్ను మూస్తూ పుస్తకం హక్కులు ఈ ఇద్దరికీ రాసిపోయాడు. ఆయన పుట్టిన ఫోర్లింపోపోలి ఊళ్ళో 1997 నుంచి వంటల ఉత్సవం జరుగుతోంది. అందులో ఇంటి వంట చేసే మామూలు మనుషులకి ఇచ్చే బహుమతి పేరు ‘మరియెత్తా’. వండిన చేతికి పేరు రావడానికి అంత కాలం పట్టిందన్నమాట!

సరే, మన వంటింట్లోకి వద్దాం. 300 గ్రాముల మైదా, 120 గ్రాముల పొడి చేసిన పంచదార, చిటికెడు ఉప్పు, అర చెంచా బేకింగ్ పౌడర్ కలిపి జల్లించండి. ఉప్పు లేని వెన్న 150 గ్రాములు ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు చేసి, వేలికొసలతో పిండిలో రాయండి. బొంబాయి రవ్వలా పొడిపొడిగా అయితే చాలు. ఇంట్లో తీసిన వెన్నయితే మజ్జిగ నీరు బొత్తిగా లేకుండా వార్చుకోవాలి. నెయ్యి వేస్తే కాదా అంటే, రుచి బాగానే ఉంటుంది గానీ అది నానఖటాయి అవుతుంది. మడిస్తే విరిగిపోతుంది. ఇప్పుడు ఒక గుడ్డు, ఇంకో గుడ్డులోని పచ్చసొన, కాస్త నిమ్మతొక్క తురుము వేసి ముద్ద చేయండి. గుడ్డు తినని వారు మూడు నాలుగు పెద్ద చెంచాల చల్లటి పాలు చిలకరించుకోవచ్చు. మడతలో కొంచెం బీటలు వారుతుంది, కంగారు పడొద్దు, వేలితో అద్దేయండి. ముద్ద కాగానే చెయ్యి తీసేయాలి. మూత పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి.

ముద్దలో సగమే బయటికి తీసి, నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తి, గ్లాసు అంచుతో బిళ్ళలు కోయండి. ఒక్కో దాని మధ్యలో చిన్న చెంచాడు జామ్. ఆశకు పోయి ఎక్కువ పెట్టకండి. మడిచి అంచులు వేళ్ళతోనే మెల్లగా నొక్కాలి. కజ్జికాయల చెక్క ఇక్కడ పనికిరాదు, పిండి చిట్లుతుంది. పైన పాలు రాసి, పంచదార చల్లి, 180 డిగ్రీల వేడిలో 15 నుంచి 18 నిమిషాలు ఉంచితే అంచులు లేత బంగారు రంగుకి వస్తాయి. 20కి పైగా అవుతాయి. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కాక, స్టాండు మీద పళ్ళెం పెట్టి సన్నటి సెగన కాల్చవచ్చు. కాస్త ఎక్కువసేపు పడుతుంది. తీసిన వెంటనే మెత్తగా ఉంటాయి, ముట్టుకోకండి. చల్లారితేనే గట్టిపడతాయి. లోపలి జామ్ కూడా నోరు కాలేంత వేడిగా ఉంటుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి.

పచ్చి ముద్ద మర్నాటికి ఉంచినా చెడదనీ, కాలిన ఫ్రోల్లా నిలవుంటే ఇంకా గుల్లబారుతుందనీ ఆర్తూసి అంటాడు. డబ్బాలో పొరకీ పొరకీ మధ్య కాగితం వేసి సర్దుకుంటే నాలుగైదు రోజులు హాయిగా ఉంటాయి. జామ్ ఎంతకీ గట్టిపడకపోతే మాత్రం మడిచే ప్రయత్నం మానేసి ‘ఓక్కి ది బువె’, అంటే ఎద్దు కళ్ళు చేసేయండి. రెండు గుండ్రటి బిళ్ళలు కోసి, ఒకదానికి మధ్యలో సీసా మూతతో కన్నం చేసి విడివిడిగా కాల్చి, చల్లారాక జామ్ రాసి ఒకదాని మీద ఒకటి అంటించడమే. జామ్ ఓవెన్ మొహమే చూడదు కాబట్టి కారే బాధ లేదు.