గుర్రం పనికీ ఇల్మ్ కావాలి

గత నెల ఒక శుక్రవారం జగ్గయ్యపేటలో జుమా నమాజు ముగించుకుని బయటకు వస్తుండగా ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. "సాబ్, వీడికి మీరే నాలుగు మంచిమాటలు చెప్పాలి. పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్లో చేరరా అంటే వద్దంటున్నాడు. హైదరాబాదులో గుర్రాల దగ్గర పనికి పోతాడట!" అన్నాడు.

"ఎందుకు బేటా?" అని అడిగాం.

"మా దాదా జట్కా తోలేవారు సాబ్. ఆయన చెప్పే కబుర్లు వింటూ పెరిగాను. నాకు గుర్రాలంటే ఇష్టం. కాలేజీకి పోతే గుర్రాలెక్కడుంటాయి?" అన్నాడా అబ్బాయి, తల వంచుకునే.

"మా అబ్బా బతుకంతా గుర్రప్పెంట ఎత్తారు. మళ్ళీ వీడూ అదే ఎత్తాలా సాబ్?" అన్నాడు తండ్రి. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది.

అబ్బాయి ఇష్టంలో తప్పు లేదు. తండ్రి భయంలోనూ తప్పు లేదు. కాని ఇద్దరూ ఒక్క విషయంలో పొరబడ్డారు. గుర్రం పనికి చదువు అక్కరలేదని ఇద్దరూ అనుకుంటున్నారు.

మేము చేసిన పొరపాటు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో మా చిన్నతనం నాటికి జట్కాలు ఇంకా తిరుగుతుండేవి. తెల్లవారకముందే ఉలవలు ఉడికించి గుర్రానికి పెట్టేవారు. గిట్ట చెక్కి, లాడం కొలిచి, మేకు సరిగ్గా ఎక్కడ దిగాలో చూసి కొట్టే నాల్‌బంద్‌లు ఉండేవారు. మేకు ఒక గోరంత లోపలికి జరిగితే గుర్రం కుంటుతుంది, ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. తర్వాత ఆటోలు వచ్చాయి, జట్కాలు పోయాయి. వాటితోపాటు ఆ చేతుల్లోని విద్య కూడా పోయింది.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక నాల్‌బంద్ కొడుకు మా తరగతిలో చదివేవాడు. గుర్రం నడక చూసి ఏ కాలికి నొప్పి ఉందో చెప్పేవాడు. "ఈ లాడాల పని వదిలెయ్, బాగుపడతావు" అని అందరి ముందూ అన్నాం. అతను ఆ పని వదిలేశాడు, చదువులోనూ నిలవలేదు. రెండూ పోగొట్టుకున్నాడు. "నీకున్న ఈ తెలివికి చదువు కూడా తోడైతే పశువుల డాక్టరువవుతావు" అని మేము అనవలసింది. అప్పుడు ఆ మాట మాకు తోచలేదు. ఆ సంగతి ఈనాటికీ మమ్మల్ని గుచ్చుతూనే ఉంటుంది.

తెలియక చచ్చిన గుర్రాలు

మన జగ్గయ్యపేటలోని బౌద్ధ స్తూపంలో దొరికిన శిల్పాల్లో మాంధాత చక్రవర్తి ఫలకం పేరుపొందింది. రెండు వేల ఏళ్ళ నాటి ఆ రాతిపై చక్రవర్తి చుట్టూ ఆయన సప్తరత్నాలను చెక్కారు. వాటిలో గుర్రం ఒకటి. ఈ గడ్డ మీద గుర్రానికి అంతటి గౌరవం ఉండేది.

అయితే గౌరవం ఉన్నంత మాత్రాన గుర్రం బతకదు. 13వ శతాబ్ది చివర దక్షిణాదిని చూసిన మార్కోపోలో ఒక సంగతి రాశాడు. తమిళ తీరాన ఉన్న మాబార్ రాజు హుర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొనేవాడట. ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగిలేవి కావట. ఎందుకు? వాటిని సాకడం తెలిసినవాళ్ళు అక్కడ లేరు, లాడం కొట్టి వైద్యం చేసేవాళ్ళూ లేరు. గుర్రాలు అమ్మే వర్తకులు అలాంటి పనివాణ్ణి తమతో తీసుకురాకపోగా, ఎవరినీ ఆ దేశానికి పోనిచ్చేవారు కాదట. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ బేరం! గుర్రం కన్నా దాన్ని గురించిన ఇల్మే విలువైనదని ఆ వర్తకులకు బాగా తెలుసు.

మన పెద్దలకూ ఆ విలువ తెలుసు. అరబ్బీలో పశువైద్యుణ్ణి 'బైతార్' అంటారు. 14వ శతాబ్దిలో ఈజిప్టు సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ కొలువులోని బైతార్ గుర్రాల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఉర్దూ కవి రంగీన్ 'ఫరస్‌నామా' రచించాడు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలను పద్యాల్లో చెప్పాడు. ఉర్దూలో గుర్రాల వైద్యుణ్ణి పిలిచే 'సాలోత్రి' అనే మాట సంస్కృత శాస్త్రకారుడు శాలిహోత్రుడి పేరు నుంచి వచ్చింది. విద్యకు మతం, భాష అడ్డు కాలేదని ఈ ఒక్క మాటే చెబుతుంది.

ఏమి నేర్చుకోవాలి?

గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో చేరింది వెనక్కు రాదు. అందుకే ఆవుకు వచ్చే కడుపునొప్పి వేరు, గుర్రానికి వచ్చే శూల వేరు. సమయానికి గుర్తించకపోతే గంటల్లోనే ప్రాణం పోవచ్చు. నిలకడగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఈ లెక్క తెలిసినవాడికి గుర్రం బాధ ముందుగానే అర్థమవుతుంది. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికి కూడా అంటుకుంటుంది. అది తెలియక ముక్కు కారుతున్న గుర్రాన్ని ఒట్టి చేతులతో కడిగే సాయీసు తన ప్రాణాన్ని కూడా పణంగా పెడుతున్నాడన్నమాట.

మరో సంగతి. మన మెట్ట ప్రాంతంలో పత్తి, మిరప చేలలో పాముకాటు కొత్తకాదు. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు గుర్రం నుంచే వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను గుర్రానికి అతి స్వల్ప మోతాదుల్లో ఎక్కిస్తారు. దాని రక్తంలో తయారైన విరుగుడును శుద్ధిచేసి మందుగా చేస్తారు. హైదరాబాదులోని విన్స్ బయోప్రొడక్ట్స్ ఈ మందు తయారుచేసే సంస్థల్లో ఒకటి. ఆ గుర్రాలను చూసుకోవడానికీ చదువుకున్నవాళ్ళే కావాలి.

దారి ఏది?

గుర్రాల పెంపకం, స్వారీలకే ప్రత్యేకమైన డిగ్రీలు బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో ఉన్నాయి. వాటి ఖర్చు మన ఇళ్ళు మోయలేవు. మనకు దగ్గరి దారి పశువైద్యం. ఇంటర్‌లో బైపీసీ చదవాలి. ఆ తర్వాత బీవీఎస్సీ అయిదున్నరేళ్ళు, అందులో ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణ. విజయవాడ దాటగానే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. తిరుపతి కళాశాల 1955 నుంచి నడుస్తోంది. అక్కడ ఎన్‌సీసీలో రిమౌంట్ అండ్ వెటర్నరీ దళం ఉంది. అందులో చేరిన విద్యార్థులకు గుర్రపుస్వారీ, గుర్రాల సంరక్షణ నేర్పుతారు. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ జాబితాలో ఉన్న ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. సర్టిఫికెట్ కోసం చివరి రోజున పరుగులు పెట్టకుండా ముందే తీసిపెట్టుకోవాలి. ఆడపిల్లలకూ ఈ తలుపు తెరిచే ఉంది.

డిగ్రీ తర్వాత సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది. దాని శిక్షణ కేంద్రం మీరట్‌లో ఉంది. పరిశోధన చేయాలనుకునేవారికి 1985లో నెలకొల్పిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం హర్యానాలోని హిస్సార్‌లో ఉంది. హైదరాబాదు పోలీసులకు అశ్వదళం ఉంది. అయితే ఒక నిజం దాచకూడదు. గుర్రాలకు మాత్రమే పరిమితమైన ఉద్యోగాలు తక్కువ. అవి దొరకకపోయినా పశువైద్య పట్టా వృథా పోదు. గేదె, మేక, కోడి ఉన్న ప్రతి ఊరికీ పశువుల డాక్టరు అవసరమే.

పందెం వేరు, గుర్రం వేరు

"గుర్రాలంటే పందేలే కదా సాబ్, ఆ సంపాదన హలాలేనా?" అని ఆ తండ్రి అడిగాడు. మంచి ప్రశ్నే. పందెం కాయడం జూదం, జూదం హరామ్. అందులో రెండో మాట లేదు. కాని ఆ తప్పు మనిషిదే తప్ప గుర్రానిది కాదు. పవిత్ర ఖుర్‌ఆన్‌లో 100వ సూరా 'ఆదియాత్' పేరు పరుగులు తీసే గుర్రాలను బట్టి వచ్చిందే. చదువు లేకుండా పోయిన పిల్లవాడు ఎక్కడ పని దొరికితే అక్కడే ఉండిపోవాలి. చదువుకున్నవాడు ఎక్కడ పనిచేయాలో, ఎక్కడ చేయకూడదో తనే ఎంచుకోగలడు. హలాల్ రిజ్ఖ్ కోరే తండ్రి పిల్లవాడికి ముందుగా ఇవ్వవలసింది ఆ ఎంపికే.

చివరకు ఆ అబ్బాయి నందిగామలో బైపీసీలో చేరాడు. తండ్రి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "రెండేళ్ళు చూద్దాం సాబ్" అన్నాడు. అదీ మంచిదే. ఆ రెండేళ్ళలో దాదా చెప్పే కబుర్లన్నీ నోటుపుస్తకంలో రాసుకొమ్మని అబ్బాయికి చెప్పాం. జట్కా తోలిన ఆ ముసలాయనకు తెలిసిన సంగతులు ఏ కాలేజీలోనూ దొరకవు. వాటిలో ఏది నిజమో, ఏది ఒట్టి నమ్మకమో తేల్చుకోవడం మాత్రం కాలేజీలోనే తెలుస్తుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లలు ఉండవచ్చు. గొర్రెలంటే, పావురాలంటే, చేపలంటే ప్రాణమిచ్చేవాళ్ళు. వాళ్ళను ఎగతాళి చేయకండి. ఆ ఇష్టానికి తగిన చదువు ఎక్కడుందో వెతకండి. మేము ఒకరి విషయంలో ఆలస్యం చేశాం, మీరు చేయకండి.